నీరు, నేల, భిన్నాభిప్రాయము

నలుగురు కూడిన చోట నాలుగు మాటలు పుట్టుట సహజము. చెఱువునుగూర్చియో, బోరుబావినిగూర్చియో, కర్మాగారమునుగూర్చియో మాటాడునప్పుడు ఆ నాలుగు మాటలు నలువది యగుటయు సహజమే. ఏలయన నీరును నేలయు కాగితములలో ఎవరి పేర నున్నను, వాని మంచిచెడ్డలు పొలిమేర నెఱుగవు. ఎగువవాడు చేసిన పని దిగువవాని పొలములో కనబడును. నేడు చేసిన పని పదియేండ్లకు కనబడును. కావున ఇట్టి విషయములందు అందఱును ఒక్కమాటమీద నుండవలెనని కోరుట న్యాయము కాదు. అట్లు కోరినచో బలవంతుని మాటయే అందఱి మాటయై చెలామణి యగును.

అయినను మన సభలలో భిన్నాభిప్రాయమునకు సాధారణముగా రెండే గతులు పట్టుచున్నవి. మొదటిది మౌనము. అప్పు కావలసినవాడు, ఎఱువు కావలసినవాడు, పెద్దల మాటకు ఎదురాడినచో పని చెడునేమో యని లోలోపల గొణుగుకొని ఇంటికి పోవును. మౌనము అర్ధాంగీకారమను లోకోక్తినిబట్టి అతని గొణుగుడు సమ్మతిక్రింద జమకట్టబడును. రెండవది కలహము. కర్మాగారము వలదన్నవాడు అభివృద్ధికి శత్రువనియు, కావలెనన్నవాడు సొమ్మునకు అమ్ముడుపోయినవాడనియు ముద్రపడును. ముద్ర పడిన పిమ్మట వాని మాటలోని నిజమును పరీక్షించువారుండరు.

ఈ రెండును గాక మూడవ మార్గము కలదు. ఎదుటి పక్షము చెప్పినదానిని వ్రాసికొనుట. అందు కొలిచి తేల్చదగినదేదో, నష్టము పూడ్చి తీర్చదగినదేదో, న్యాయాన్యాయములు విచారించి నిర్ణయింపదగినదేదో విడదీయుట. దేనికి తగిన సమాధానము దానికి చెప్పుట. వాదము మేలు చేయుటకు ఈ విభజనయే మూలమని మా యభిప్రాయము. దీనిని ఊహలతో గాక, మన ప్రాంతమున జరిగిన సంగతులతోనే సభ్యులకు విన్నవించుచున్నాము.

జంట జలాశయములు

గగన్‌పహాడు, శంషాబాదు ప్రాంతములవారికి హిమాయత్‌సాగరము క్రొత్త కాదు. దాని పుట్టుక మాత్రము ఒకసారి జ్ఞాపకము చేసికొనదగినది. 1908వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను హరించెను. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా కోరగా, ఎగువను జలాశయములు కట్టి వఱదను నిలుపవలెనని వారు సూచించిరి. ఆ ప్రకారము మూసీమీద ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని ఉపనది యగు ఈసీమీద హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. వఱద నాపుటయు, నగరమునకు త్రాగునీరిచ్చుటయు వీనికి అప్పగింపబడిన రెండు పనులు.

నగరము పెరిగి పెరిగి ఈ జలాశయముల గట్టుల దాక వచ్చినప్పుడు, వానిలోనికి వచ్చు నీటిని కాపాడుటకై 1996 మార్చి 8వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వును జారీచేసెను. జలాశయముల పూర్తి నీటిమట్టమునుండి 10 కిలోమీటర్ల వఱకు గల పరీవాహక ప్రాంతమున కాలుష్యము కలిగించు పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాసపు కాలనీలు మొదలగునవి కూడవని దాని సారాంశము. శంషాబాదు, మొయినాబాదు, చేవెళ్ళ, శంకరపల్లి మొదలగు మండలములలోని 84 గ్రామములు, సుమారు 1,32,000 ఎకరముల భూమి ఈ ఉత్తర్వు క్రిందికి వచ్చెను.

అప్పటినుండి రెండు పక్షములు ఏర్పడినవి. గ్రామములలోని పెక్కుమంది రైతుల వాదన యిది: "గీతకు ఆవలివాని ఎకరము బంగారమాయెను, ఈవలివాని ఎకరము మట్టిగానే మిగిలెను. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱచిరి. బాహ్యవలయ రహదారి వచ్చెను. ధరలు మా యూరి పొలిమేర వఱకు వచ్చి ఆగిపోయినవి. నగరము త్రాగు నీటికి మేమేల మూల్యము చెల్లింపవలెను? ఇప్పుడు ఆ నగరమునకు అధికభాగము నీరు కృష్ణనుండియు, గోదావరినుండియు, మంజీరనుండియు వచ్చుచున్నదికదా! ఉత్తర్వు పేదరైతును కట్టివేసెను గాని, పెద్దవారి తోటబంగళాలను కట్టివేయలేదు."

ఎదుటివారి వాదన యిది: "దూరపు నదుల నీటిని నూఱు కిలోమీటర్లకు మించిన దూరమునుండి విద్యుచ్ఛక్తితో ఎత్తి తేవలెను, ఈ జలాశయముల నీరు పల్లమునకు తనంతట తానే పాఱును. పైగా ఇవి త్రాగునీటి తొట్లు మాత్రమే కావు; వఱదకు అడ్డుకట్టలు. పరీవాహక ప్రాంతమున కాంక్రీటు పఱచినచో వాన ఇంకక ఒక్క పెట్టున పరుగెత్తి వచ్చును. ఇల్లు కట్టిన పిమ్మట కూల్చవచ్చును గాని, చెడిన జలాశయమును బాగుచేయుట సులభము కాదు."

ఈ రెండు వాదనలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో ఒక విశేషము కనబడును. అవి ఒకదాని నొకటి ఖండించుట లేదు. రైతు చెప్పునది నష్టమునుగూర్చి. ఎదుటివాడు చెప్పునది నీటి నడకనుగూర్చి. రెండును ఏకకాలమున నిజము కావచ్చును. నీటి నడక ఇంజనీరులు కొలిచి చెప్పవలసిన విషయము. నష్టము లెక్కగట్టి పంచుకొనవలసిన విషయము. కాని పెక్కేండ్లు వాదము "ఉత్తర్వు ఉండవలెనా, పోవలెనా" అను ఒక్క ప్రశ్నచుట్టే తిరిగెను. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము 69వ నంబరు ఉత్తర్వుద్వారా, జలాశయముల నీటికి హాని కలుగరాదను షరతుతో, ఆ నిర్బంధములను తొలగించెను. 2023 మే నెలలో మంత్రిమండలి 111వ ఉత్తర్వును పూర్తిగా రద్దుచేయ నిర్ణయించెను. కొందఱు సంతోషించిరి, కొందఱు దుఃఖించిరి. "నీటిని కాపాడు రైతునకు ఆ కాపుదల కూలి ఎవరీయవలెను?" అను నడిమి ప్రశ్న మాత్రము ఉండుటకును పోవుటకును నడుమ నలిగిపోయెను.

ఈ నడిమి ప్రశ్నను ఎదుర్కొనిన నగరము లోకములో లేకపోలేదు. అమెరికాలోని న్యూయార్కు నగరము తన నీటిలో అధికభాగము క్యాట్‌స్కిల్ కొండల ప్రాంతమునుండి తెచ్చుకొనును. 1990లో నగరపాలకులు ఆ కొండలలోని పొలములపై కఠినమైన నియమములు విధింపబూనగా, అచ్చటి రైతులు గట్టిగా ఎదిరించిరి. వారు ఊరక వలదనలేదు, "ఈ నియమములు మమ్ము పొలము వదలునట్లు చేయును, మేము వదలిన పొలములో ఇండ్లు లేచును, అప్పుడు మీ నీరు ఇంకను చెడును" అని కారణము చూపిరి. నగరము ఆ మాటను చెవినిపెట్టెను. పేడదిబ్బలను వాగునకు దూరముగా నుంచుట, పశువులు వాగులోనికి దిగకుండ కంచె వేయుట మొదలగు పనులు రైతు తన యిచ్ఛచేత చేయునట్లును, ఖర్చు నగరము భరించునట్లును ఏర్పాటు జరిగెను. దానిని నడపుటకు రైతులతో కూడిన మండలి 1993లో ఏర్పడెను. 1997లో నగరమునకును, ఎగువ గ్రామములకును, ప్రభుత్వములకును పెద్ద ఒడంబడిక కుదిరెను. నీటిని వడబోయుటకు వందలకోట్ల డాలర్లతో యంత్రాలయము కట్టవలసిన అవసరము నగరమునకు తప్పెను. రైతులు మొదటనే తలయూపియుండినచో గాని, నగరము వారి నోరు నొక్కియుండినచో గాని ఈ మార్గము కనబడెడిది కాదు. ఎదిరింపులోని కారణమును విన్నందుననే కనబడెను.

పండితులు విభేదించినప్పుడు

"కొలిచి తేల్చవలసినవి కొలిచినవారే చెప్పవలె" నంటిమి. కొలిచినవారే తమలో తాము విభేదించినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు దేశమంతటికి దారిచూపిన వ్యాజ్యెము మన శంషాబాదు మండలములోనే పుట్టెనని చాలమంది ఎఱుగరు.

పెద్దషాపూరు గ్రామమున ఒక కంపెనీ భూమి కొని, ఆముదమునుండి రసాయన పదార్థములు తయారుచేయు కర్మాగారమును స్థాపింపబూనెను. ఆ స్థలము జలాశయములకు 10 కిలోమీటర్ల లోపల నుండెను. తయారీలో వాడి పాఱవేయు పదార్థములలో నికెలు అను లోహము కూడ నుండును. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించెను. 1997లో ప్రభుత్వము ఆ యొక్క కర్మాగారమునకు మినహాయింపు నొసగెను. ఈ పద్ధతిలో కాలుష్యము కలుగదని ఒక శాస్త్రజ్ఞుడు ప్రమాణపూర్వకముగా చెప్పగా, అప్పీలు అధికారులు దానిని నమ్మి 1998లో కంపెనీ పక్షమున తీర్పు చెప్పిరి. హైకోర్టు దానిని సమర్థించెను. విషయము సుప్రీముకోర్టునకు పోయెను.

1999 జనవరిలో న్యాయమూర్తి ఎం. జగన్నాథరావుగారు వ్రాసిన తీర్పు రైతులు సైతము తెలిసికొనదగినది. శాస్త్రవిషయములందు న్యాయమూర్తులకు తగిన పరిజ్ఞానము లేదనియు, శాస్త్రమునకు సైతము అన్ని వేళల నిశ్చయము ఉండదనియు, అందువలన తీర్పరులప్రక్కన శాస్త్రజ్ఞులు కూర్చుండు వ్యవస్థ కావలెననియు అందు చెప్పబడెను. రెండవది, హాని జరిగిన తరువాత సరిదిద్ద వీలులేని చోట ముందుజాగ్రత్తయే ధర్మమనియు, హాని లేదని చూపవలసిన భారము క్రొత్త పనిని తలపెట్టినవానిమీదనే యుండుననియు నిర్ణయింపబడెను. కోర్టు అంతటితో చేతులు దులుపుకొనక, చిక్కు ప్రశ్నలను విడివిడిగా వ్రాసి నిపుణుల విచారణకు పంపెను. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ భూగర్భజలముల నడకను పరిశీలించెను. ఆ నివేదికలన్నియు వచ్చిన పిమ్మట 2000 డిసెంబరులో తుది తీర్పు వెలువడెను. ఒక్క కర్మాగారమునకై నిషేధమును సడలించుట చెల్లదనియు, లక్షలాది ప్రజలు త్రాగు నీటిని అట్టి అపాయమునకు గుఱిచేయరాదనియు దాని ఫలితార్థము.

ఈ వ్యాజ్యెపు ఫలము మన మండలముతో ముగియలేదు. ఆ జగన్నాథరావుగారే తరువాత లా కమిషను అధ్యక్షులై, పర్యావరణ న్యాయస్థానములు ఏర్పఱుపవలెనని 2003లో 186వ నివేదిక సమర్పించిరి. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునలు చట్టము వచ్చెను. అందు న్యాయమూర్తులతోపాటు నిపుణులైన సభ్యులును కూర్చుందురు.

ఆముదము పండించు రైతునకు అట్టి కర్మాగారము దగ్గఱ నుండుట లాభమే కావచ్చును. ఆ లాభమును కోరుట తప్పు కాదు. కాని "ఒక శాస్త్రజ్ఞుడు బాగున్నదనెను" అనుటయు, "ఒక శాస్త్రజ్ఞుడు చెడ్డదనెను" అనుటయు వాదమును తీర్చవు. ఆయన దేనిని కొలిచెను, ఎచ్చట కొలిచెను, ఏ కాలమున కొలిచెను, కొలువనిదేమి యని అడుగవలెను. ఈ నాలుగు ప్రశ్నలకు పెద్ద చదువు అక్కఱలేదు. విత్తనముల అంగడిలో మనము దినమును అడుగునట్టివే యివి.

అప్పచెఱువు నేర్పు పాఠము

2020 అక్టోబరులో హైదరాబాదు ప్రాంతమున కురిసిన అతివృష్టికి గగన్‌పహాడులోని అప్పచెఱువు తెగి, ఆ నీరు బెంగుళూరు జాతీయ రహదారిమీదికి వచ్చి రహదారిని కోసివేసెను. ప్రాణనష్టము సంభవించెను. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా అను ప్రభుత్వసంస్థ, అదే సంవత్సరము ఆగస్టు చివర అప్పచెఱువు స్థలములోని షెడ్లను కూల్చివేసెను.

ఇట్టి సందర్భములందు ఎక్కడనైనను వినబడు మాటలు ఇవియే. వాన మితిమీరినదని ఒకడనును. చెఱువు స్థలము నాక్రమించిరని మఱియొకడనును. అలుగు, కాలువ పూడిపోయినను పట్టించుకొన్నవారు లేరని వేఱొకడనును. షెడ్లలో కూలిచేసికొను పేదవాని గతియేమని నాలుగవవాడనును. అనుమతి నిచ్చిన అధికారి నేల విడిచిపెట్టితిరని అయిదవవాడనును. అయిదుగురును ఒకరిమాట నొకరు వినక అఱచినచో సభ ముగియును; చెఱువు అట్లే యుండును.

ఈ అయిదు మాటలను పైన చెప్పినట్లు విడదీయుదము. చెఱువు పూర్తి నీటిమట్టము ఎంతవఱకు? ఇది వాదముతో తేలునది కాదు. పాత పటములు, శిఖము భూముల లెక్కలు ముందిడుకొని సర్వేయరు గొలుసు పట్టి తేల్చునది. వాన ఎంత కురిసెను, అలుగు ఎంత నీటిని పంపగలదు? ఇదియు లెక్కయే. కూలివాని జీవనము పోయినచో ఎట్లు? ఇది నష్టము, దానికి ప్రత్యామ్నాయము చూపవలెను. "పేదవాడు బ్రతుకుచున్నాడు గనుక ఇది చెఱువు కాదు" అనరాదు. "ఇది చెఱువు గనుక పేదవాని సంగతి మాకెందుకు" అనియు అనరాదు. అనుమతి నెవరిచ్చిరి? ఇది బాధ్యతకు సంబంధించిన విచారణ. చిన్నవాని షెడ్డునకును పెద్దవాని భవనమునకును ఒకే కొలబద్ద వాడవలెనని దీనియందలి న్యాయము. ఇట్లు విడదీసినప్పుడు అయిదుగురిలో ఎవ్వడును మూర్ఖుడు కాడని తెలియును. ఒక్కొక్కడు ఒక్కొక్క ప్రశ్నను పట్టుకొనియుండెను, అంతే.

చదువురాని రైతులు విచారణ చేయగలరా?

"ఇవన్నియు పెద్దల విషయములు, చదువురాని రైతునకేమి తెలియును?" అని కొందఱందురు. దీనికి 2001వ సంవత్సరమున మెదకు జిల్లా ఆల్గోలు గ్రామమున జరిగిన 'ప్రజాతీర్పు' సమాధానము చెప్పును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వ్యవసాయమునుగూర్చి 'విజన్ 2020' అను ప్రణాళిక ప్రకటించిన దినములవి. భూమిపై ఆధారపడి జీవించువారి సంఖ్యను నూటికి 70 నుండి 40కి తగ్గించుట ఆ ఊహలో నొకటి. సుమారు ఇరువదిమంది సన్నకారు రైతులు, కూలీలు తీర్పరులుగా కూర్చుండిరి. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు; పెక్కురు దళితులు, ఆదివాసులు. మూడు విధములైన భవిష్యత్తులను వారికి చలనచిత్రముల మూలమున చూపిరి: యంత్రములతో కూడిన పెద్ద కమతముల సేద్యము, ఎగుమతికై రసాయనములు లేని పంట, స్థానికావసరములకై స్వావలంబనముతో కూడిన సేద్యము. వేఱువేఱు పక్షముల సాక్షులు వచ్చి చెప్పగా వీరు ఎదురు ప్రశ్నలు వేసిరి. పిమ్మట చూపిన మూడింటిలో ఒకదానిని ఎన్నుకొని ఊరకుండక, తమకు నచ్చిన అంశములను కూర్చి తమ తీర్పు తామే చెప్పిరి. కూలి పోగొట్టు యంత్రములను, జన్యుమార్పిడి విత్తనములను, ఒప్పందపు సేద్యమును వారు నిరాకరించిరి.

ఆ తీర్పు ఒప్పా తప్పా యని మేమిచ్చట విచారింపబోము. ఆ విచారణ జరిపిన తీరుపైనను 2002లో విమర్శలు వచ్చినవి. తీర్పరుల ఎంపికయందును, చూపిన చిత్రములందును పక్షపాతమున్నదని కొందఱనిరి. నిర్వాహకులు బహిరంగముగా సమాధానము చెప్పిరి. ఇదియు మంచిదే. ఎవరిని పిలిచితిరి, ఎవరిని పిలువలేదు, ప్రశ్న నెవరు వ్రాసిరి యని అడుగుట వాదమునకు విఘ్నము కాదు; వాదములోని భాగమే. మేము గ్రహింపవలసినది ఇంతమాత్రమే: సమాచారమును మన భాషలో చెప్పి, తగిన వ్యవధి నిచ్చి, ప్రశ్నలడుగనిచ్చినచో రైతు విచారణ చేయగలడు. ఈ మూడింటిలో ఏదియు లేక అడిగి, "వీరికేమియు తెలియదు" అనుట అన్యాయము.

చట్టము ఇచ్చిన తావు

భిన్నాభిప్రాయము చెప్పుటకు చట్టము సైతము కొంత తావిచ్చినది. 2006 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పర్యావరణ ప్రభావ నియమావళి ప్రకారము, అన్నింటికి గాకున్నను, పెక్కు పెద్ద గనులకును కర్మాగారములకును అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగవలెను. ముఖ్యాంశములు సభ్యులు గుర్తుంచుకొనదగినవి. సభకు 30 దినములు తక్కువకాకుండ ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. అందొకటి ప్రాంతీయభాషా పత్రిక కావలెను. ప్రభావ నివేదిక యొక్క సంగ్రహము స్థానికభాషలో నుండవలెను. జిల్లా కలెక్టరో, అదనపు జిల్లా మేజిస్ట్రేటునకు తగ్గని వారి ప్రతినిధియో అధ్యక్షత వహింపవలెను. వచ్చినవారందఱకును ప్రశ్నించు అవకాశమీయవలెను. చెప్పిన మాటలను వ్రాసి, సభాంతమున స్థానికభాషలో చదివి వినిపింపవలెను. లేవదీసిన అభ్యంతరములును, వానికి కంపెనీ ఇచ్చిన సమాధానములును జాబితాగా తయారుచేసి జతపఱుపవలెను. సభకు రాలేనివారు వ్రాతపూర్వకముగా అభిప్రాయము పంపవచ్చును.

ఇట్టి సభలలో మన రైతులు చేయు లోపము ఒకటే. "మాకు వద్దు" అనియో "మాకు కావలెను" అనియో కేకలువేసి వచ్చెదరు. కేక జాబితాలో ఒక్క పంక్తిగా మిగులును. దానికి ఒక్క పంక్తి సమాధానము చాలును. "వేసవిలో మీకు దినమునకు ఎన్ని లీటర్ల నీరు కావలెను, ఏ బోరునుండి తీసికొందురు, చుట్టుప్రక్కల బావులమట్టమును ఎవరు కొలుతురు, ఆ లెక్కను పంచాయతీ గోడపై నెలనెల అంటింతురా?" అని అడిగినచో నాలుగు సమాధానములు వ్రాయవలసివచ్చును. వ్రాసినది రేపు చూపి అడుగుటకు ఆధారమగును. కర్మాగారము కావలెననువారును ఇదే ప్రశ్న నడుగవచ్చును. ఉద్యోగములెన్ని, అందు మన యూరివారికెన్ని, ఎన్నేండ్లకు? ఈ తీరున అడిగినప్పుడు ఇరుపక్షముల రైతులకును ఒకే కాగితము పనికివచ్చును.

మన సభలో ఆచరింపదగినవి

సహకారసంఘము ఈ విద్యకు మంచి పాఠశాల. పది ఎకరములవానికిని, అరయెకరమువానికిని సంఘములో ఒక్క ఓటే. కాని ఓటు సమానమైనంతనే మాట సమానము కాదు. దానికి కొన్ని అలవాట్లు కావలెను. మా సూచనలివి:

ఒకటి. నీరు, నేలలకు సంబంధించిన విషయము చర్చకు వచ్చినప్పుడు, తీర్మానము పెట్టకమునుపు ప్రతిపక్షపు వాదనను అనుకూలుడే లేచి చెప్పవలెను. "అవును, నా మాట ఇదే" అని ఎదుటివాడు ఒప్పుకొనిన పిమ్మటనే ఖండన మొదలుపెట్టవలెను. సగము కలహములు ఈ మెట్టుదగ్గఱనే చల్లాఱును.

రెండు. కార్యదర్శి కాగితమును మూడు గడులుగా గీసి, కొలువదగినవి, నష్టములు, న్యాయాన్యాయములు అని వేఱువేఱుగా వ్రాయవలెను. మొదటి గడిలోని దానికి ఓటు పెట్టరాదు. చెఱువు నీటిమట్టము చేతులెత్తుటచేత పెరుగదు, తఱుగదు.

మూడు. ఎవరికి ఏ లాభముండునో ముందే చెప్పుకొనవలెను. ఆ స్థలము ప్రక్కన భూమి గలవాడు ఆ సంగతి చెప్పి మాటాడినచో అతని మాటకు గౌరవము తగ్గదు, పెరుగును. దాచి మాటాడినచో తెలిసిననాడు అతడు చెప్పిన నిజము సైతము అబద్ధమగును.

నాలుగు. స్త్రీలను, కౌలురైతులను, కూలీలను, గొఱ్ఱెలకాపరులను పేరుపెట్టి అడుగవలెను. నీళ్ళు మోయువారికి నీటి సంగతి తెలియును. వాగువెంట మందను తోలువానికి వాగు రంగు మాఱిన దినము తెలియును. వారు సభలో తమంతట తాము లేవరు. మొదట వారిని మాటాడించి పిమ్మట పెద్దలు మాటాడుట మేలు; పెద్ద మాటాడిన తరువాత చిన్న నోళ్ళు తెఱుచుకొనవు.

అయిదు. వ్యతిరేకముగా ఓటుచేసినవారి కారణమును తీర్మానముక్రింద వ్రాయవలెను. ఏడాదికి ఒకసారి ఆ పుట తెఱచి చూడవలెను. వారి భయము నిజమైనచో తీర్మానము మార్చుటకు దారియుండును. నిజము కానిచో వారే సమాధానపడుదురు.

ఆఱు. సభలో విభేదించినవాని అప్పునకు గాని, విత్తనమునకు గాని, ఎఱువునకు గాని ఆలస్యము జరుగరాదు. ఇదొక్కటి తప్పినచో పై అయిదును వ్యర్థములు. మాటకు శిక్ష యున్న చోట నిజము పలుకువాడుండడు.

ఈ పద్ధతులచేత అందఱును ఏకాభిప్రాయమునకు వత్తురని మేము చెప్పుటలేదు. న్యాయాన్యాయముల గడిలోని ప్రశ్నలు కొన్ని తరములు గడచినను తెగవు. నగరమునకై గ్రామము ఎంత త్యాగము చేయవలెననునది అట్టి ప్రశ్నయే. కాని తెగని ప్రశ్నను తెగని ప్రశ్నగా గుర్తించి, తెగదగినవానిని తెంచుకొనుట ఊరికి గొప్ప లాభము. విభేదించినవాడు మఱునాడును అదే తూముదగ్గఱ మనతో నీరు పంచుకొనవలసినవాడు. అదే సంఘములో మన అప్పునకు హామీ నిలువవలసినవాడు. అతనిని ఓడించుట మనకు లాభము కాదు. అతడు చూచినది మనము చూడనిదేమో యని తెలిసికొనుటయే లాభము.

వానకాలమునకు ముందు ప్రతి సంఘమును తన చెఱువునుగూర్చి ఒక్క సభ జరుపవలెనని కోరుచున్నాము. చెఱువు పటము బల్లమీద పఱచి, అలుగు, తూము, కాలువ చూచి వచ్చిన వారిచేత చూచినది చెప్పించి, ఒప్పుకొననివారి మాట మొదట వ్రాయుడు. కట్ట తెగిన తరువాత జరుగు విచారణలో అందఱును పండితులే. తెగకముందు సందేహించి లేచి నిలిచినవాడే ఊరికి మిత్రుడు.